పోయొచ్చే బిళ్ల

ఆ మంగళవారం పొద్దున ఏడుంపావుకు దుర్గేష్ రెండు పది రూపాయల బిళ్లలను స్పిరిట్‌లో ముంచి తీసి, దూది మీద ఆరబెట్టాడు. అవి ఆరేలోపు అరచేతులను ప్యాంటుకు నాలుగుసార్లు తుడుచుకున్నాడు. బిళ్లలు ఆరాయి. చేతులు ఆరలేదు.

సికింద్రాబాదులో, నేరేడ్‌మెట్ వెళ్లే దారిలో ఉన్న ఒక పిల్లల ఆసుపత్రిలో అతను పదహారేళ్లుగా అటెండరు. చెప్పుకోవడానికి పని చిన్నదే. రెండో అంతస్తు వార్డు నుంచి పిల్లల్ని స్ట్రెచర్ మీద లిఫ్టులో నాలుగో అంతస్తుకు తీసుకెళ్లాలి. అక్కడ ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు నేల మీద ఎర్రగీత గీసి ఉంటుంది. కన్నవాళ్లు గీతకు ఇవతలే ఆగిపోతారు. పిల్ల ఒక్కతే అవతలికి వెళ్లాలి. గీత దగ్గర నుంచి బల్ల దాకా ఓ పన్నెండడుగులు. పిల్లలు అతన్ని లిఫ్ట్ అంకుల్ అంటారు. లిఫ్టులో ఉన్నంతసేపే అతను అంకుల్. గీత దాటగానే ఏమవుతాడో అతనికి బాగా తెలుసు.

ఆ రోజు జాబితాలో మొదటి పేరు జెబా. ఆరేళ్ల పిల్ల. టాన్సిల్స్ ఎంత పెరిగాయంటే, నిద్రలో ఊపిరి ఆగి, మళ్లీ ఎగశ్వాసతో మొదలవుతోంది. ఆపరేషన్ ఒకసారి జ్వరం వల్ల, ఒకసారి దగ్గు వల్ల వాయిదా పడింది. మామూలుగా ఆపరేషన్లకు ముందు పిల్లలకు కాస్త మగత కలిగించే సిరప్ పోస్తారు. నిద్రలో ఊపిరి ఆగే పిల్లకు ఆ సిరప్ పనికిరాదు. ఏడిస్తే గొంతులో కఫం చేరుతుంది, మత్తు ఇచ్చేటప్పుడు గొంతు పట్టేస్తుంది. అలా జరిగేలా ఉంటే మూడోసారి కూడా వెనక్కి పంపేస్తానని మత్తు డాక్టరు ఎలీనా ముందే చెప్పింది. అంటే జెబా మెలకువతో, ఏడవకుండా గీత దాటాలి. దాటించాల్సింది దుర్గేష్.

అతని భయం ఈనాటిది కాదు. ఆగస్టులో ఐదేళ్ల బాబు ఒకడు గీత దగ్గర గుక్కపట్టి ఏడ్చాడు. మామూలుగా చేసేదే చేశారు. నలుగురు కలిసి పట్టుకున్నారు. భుజాలు దుర్గేష్ పట్టుకున్నాడు. “లిఫ్ట్ అంకుల్, వదులు, లిఫ్ట్ అంకుల్” అని వాడు మిగతా ముగ్గుర్నీ వదిలేసి అతన్నే బతిమాలాడు. మాస్కు పెట్టాక ఏడుపు ఆగింది. ఏడుపుతో పాటు ఊపిరీ ఆగింది. ఛాతీ ఎగసిపడుతోంది, లోపలికి గాలి పోవడం లేదు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అదంతా ఒక్క నిమిషం కూడా కాదని తర్వాత చెప్పారు. బాబు సాయంత్రానికి ఇడ్లీ తిని, మర్నాడు ఇంటికి వెళ్లిపోయాడు. దుర్గేష్‌కు మాత్రం స్ట్రెచర్ కడ్డీ ముట్టుకుంటే చాలు, చేతులకు చెమట పట్టడం ఆ రోజే మొదలైంది.

వారం తర్వాత ఎలీనా అతన్ని పక్కకు పిలిచింది.

“నీ తప్పు కాదు దుర్గేష్. కానీ ఇలా పట్టుకుని తేవడం నాకిక వద్దు. పిల్ల నీ చేతివైపు చూస్తూ లోపలికి రావాలి, అంతే. ఏదైనా చిన్న మ్యాజిక్ నేర్చుకో.”

“మ్యాజిక్కా మేడమ్? నాకు పేకముక్కలు కలపడం కూడా రాదు.”

“పేకముక్కలు అసలొద్దు. కడగలేం. బొమ్మలూ అంతే. కాయిన్ అయితే స్పిరిట్‌లో వేసి తీయొచ్చు. కాయిన్‌తో ఏదైనా చూడు.”

ఈ సంగతి వార్డు ఇన్‌చార్జి రోసమ్మ చెవిన పడింది. మెట్టుగూడలో పుట్టి పెరిగిన మనిషి. ఇరవై ఏడేళ్ల సర్వీసు. డాక్టర్లు కూడా ఆమెతో మాట్లాడేముందు గొంతు సవరించుకుంటారు.

“పిల్లల దవాఖానల బిళ్లతోని ఆటనా? అకల్ ఉన్నదా ఎవరికన్న?” అని ఆమె దుర్గేష్‌ను ఎక్స్‌రేలు చూసే లైటు డబ్బా దగ్గరికి లాక్కెళ్లింది. ఒక ఫిల్ము తగిలించింది. చిన్న పక్కటెముకలు, వాటి పైన మెడ దగ్గర తెల్లటి గుండ్రటి మచ్చ. “గిదేందో చెప్పు. చందమామ కాదు. రూపాయి బిళ్ల. కాప్రాల ఉండె పిలగాడు మింగిండు.” ఇంకోటి తగిలించింది. “గిది రెండ్రూపాలది. గిది ఐదుది. గీ పోరి అయితే రెండు మింగింది, ఒకదాని మీద ఒకటి. సూడు, మంచిగ సూడు.”

దుర్గేష్ చూశాడు. చూడకపోయినా బాగుండేది. ఏడుపు మాన్పించబోయి పిల్ల గొంతులో తనే బిళ్ల ఇరికిస్తానేమోనన్న కొత్త భయం పాతదాని పక్కన వచ్చి కూర్చుంది.

“మరి మానేయమంటారా సిస్టర్?”

“డాక్టరమ్మ చెప్పినంక మానుడేంది? చెయ్. గని నా మాట ఇను. నోట్ల పెట్టుకునుడు లేదు. చెవులకెళ్లి తీసుడు లేదు, రేపు పోరలు నిజంగనే చెవుల ఇరికిచ్చుకుంటరు. బిళ్ల పిల్ల చేతికి ఇచ్చుడు లేదు. ఎర్రగీత దాటి బిళ్ల లోపటికి పోవుడు లేదు.”

“ఇంకేం మిగిలింది సిస్టర్?”

“గదే నేను సుత అడుగుతున్న.”

దుర్గేష్‌ది తణుకు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లప్పుడు బంధువుల రంగుల దుకాణంలో పనికి వచ్చి, ఆ వాసన పడక ఆసుపత్రిలో చేరాడు. ఇప్పుడు నలభై మూడు. యాప్రాల్‌లో అద్దెకు ఉంటున్నాడు. భార్య శ్రీలేఖ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషను పక్కన ఫోను నిలబెట్టుకుని, వీడియోలు చూస్తూ అతను నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

పది రూపాయల బిళ్లలు ఎన్ని కావాలంటే అన్ని దొరికాయి. చెల్లవని ఊళ్లో ఎవరో పుట్టించిన పుకారు ఎన్నేళ్లయినా చావలేదు. అవి చెల్లుతాయని బ్యాంకు ఎంత చెప్పినా కూరగాయలామె ముట్టుకోదు, ఆటోవాళ్లు ముట్టుకోరు. వీధి చివరి కిరాణా ఆయన డబ్బాలోంచి గుప్పెడు తీసి, “తీస్కపో అన్నా, నువ్వన్న తీస్కుంటున్నవ్” అని సంబరపడ్డాడు.

ఏది నేర్చుకోవాలన్నదే తేలలేదు. బిళ్లను రుమాల్లో మూటగట్టి మాయం చేసేది అన్నిటికన్నా తేలిక. రుమాలు అంచులో ఇంకో బిళ్ల కుట్టేసి ఉంటే చాలు, శ్రీలేఖ నిమిషంలో కుట్టిపెడుతుంది. కానీ జేబులో నలిగిన గుడ్డను రోసమ్మ స్ట్రెచర్ దరిదాపులకు రానివ్వదు. నాలుగు బిళ్లలు ఒక మూల నుంచి ఇంకో మూలకు చేరేది చూడముచ్చటగా ఉంది. దానికి బల్ల కావాలి. సీసాలోకి బిళ్ల దూరేదానికి గాజుసీసా కావాలి. వేళ్ల వెనక కణుపుల మీద బిళ్లను చూపుడువేలి నుంచి చిటికెనవేలి దాకా దొర్లించేది అతనికి బాగా నచ్చింది. పది రోజులు దాని మీదే పడ్డాడు. ఇంట్లో దొర్లింది. ఆసుపత్రి గేటు లోపలికి అడుగు పెట్టగానే చెమట పట్టి జారిపోయింది. జారిన బిళ్ల దొర్లుకుంటూ ఏ ఉయ్యాల కిందకు చేరుతుందో, ఏ పాకే పిల్ల చేతికి దొరుకుతుందో అనుకున్నాడు. దాన్నీ వదిలేశాడు.

చివరికి మిగిలింది అన్నిటికన్నా పాతది. బిళ్లను కుడిచేత్తో ఎడమచేతిలో పెట్టినట్టు పెట్టి, కుడి అరచేతి మడతలోనే బిగించి ఉంచేసుకోవాలి. ఎడమ గుప్పిట తెరిస్తే ఖాళీ. నేర్చుకోవాల్సింది ఒకే ఒక్క అబద్ధం. అదీ ఒక్కసారి ఆడితే చాలు. శబ్దం రాకుండా మంచం మీద వంగి సాధన చెయ్యమని వీడియోలో కుర్రాడు చెప్పాడు. దుర్గేష్ డ్యూటీ నుంచి రాగానే మంచం మీద వంగేవాడు.

“మా ఆయన రోజూ దుప్పట్లో చిల్లర పారేసుకుని వెతుక్కుంటున్నాడని మా అమ్మకి ఫోన్ చేసి చెప్పనా?” అని శ్రీలేఖ దారం కొరుకుతూ అడిగింది.

“చూడు. ఇప్పుడు ఏ చేతిలో ఉంది?”

“కుడిచేతిలో.”

“ఎలా తెలిసింది?”

“మీరు దొంగతనం చేసినోడిలా ఆ చేతివంకే చూస్తున్నారు. ఎడమచేతివంక చూడండి. మీరు నమ్మకపోతే పిల్ల ఏం నమ్ముతుంది?”

నెల రోజులకు ఆమె కూడా పట్టుకోలేకపోయింది.

మొదటిసారి నిజంగా చేసింది పోయిన గురువారం. తొమ్మిదేళ్ల బాబు, హెర్నియా ఆపరేషన్. వెంట అమ్మమ్మ శేషారత్నం ఉంది. గోదావరి జిల్లా మనిషి, కాపురం హైదరాబాదులోనే. గీత ముందు స్ట్రెచర్ ఆపి, దుర్గేష్ బిళ్ల చూపించాడు. ఎడమచేతిలో పెట్టాడు. గుప్పిట బిగించాడు. ఊదాడు. చెయ్యి జారలేదు, బిళ్ల కనబడలేదు. జీవితంలో ఇంత శుభ్రంగా ఏ పనీ చేయలేదనిపించి, ఆ సంతోషంలో గట్టిగా అనేశాడు.

“చూశావా? పోయింది!”

శేషారత్నం చెయ్యి వచ్చి అతని మోచేతి మీద పడింది.

“ఏమిటయ్యా నువ్వన్నది? పోయిందా? ఆపరేషన్ గుమ్మంలో పసివాణ్ణి పడుకోబెట్టి, వాడి మొహం మీద పోయింది అంటావా? ఏ ఊరయ్యా మీది?”

“తణుకు దగ్గరండి.”

“తణుకువాడివై ఉండి నోటికెలా వచ్చిందయ్యా? దీపం ఆరితే కొండెక్కింది అంటాం. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం. మీ అమ్మ నీకు ఇవేమీ చెప్పలేదూ? నోట్లో మన్నెయ్య, పోయిందట పోయింది!”

బాబు అంతవరకు బాగానే ఉన్నాడు. అమ్మమ్మ మొహం చూశాడు, ఖాళీగా ఉన్న దుర్గేష్ చెయ్యి చూశాడు. “అంకుల్, లోపల నన్ను కూడా మాయం చేస్తారా?” అన్నాడు. తర్వాత ఏడుపు లంకించుకున్నాడు.

శేషారత్నం స్ట్రెచర్‌ను వెనక్కి తిప్పించింది. శకునం బాగాలేదని కాసేపు కూర్చుంది, మంచినీళ్లు తాగింది, మళ్లీ బయలుదేరదీసింది. లోపల ఎలీనా చేతులు కట్టుకుని పావుగంట నిలబడింది. ఆ బాబుకు సిరప్ పోయగలిగారు కనుక ఆ రోజు గడిచింది. జెబాకు పోయలేరు. జెబా పేరు మంగళవారం జాబితాలో ఉందని అతనికి ఆ సాయంత్రమే తెలిసింది.

ఇంటికెళ్లి జరిగింది చెబితే శ్రీలేఖ ముందు కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత మిషను ఆపింది.

“మీరు పొద్దున డ్యూటీకి బయలుదేరేటప్పుడు ఏమంటారు?”

“వెళ్లొస్తానంటాను.”

“పదహారేళ్లలో ఒక్కరోజైనా వెళ్తాను అని ఊరుకున్నారా?”

“లేదు.”

“మరి మీ బిళ్ల వెళ్లి రాదేం?”

అతను మంచం మీద కూర్చున్నాడు. నిజమే. భయపడుతున్న పిల్లకు తను నెల రోజులు కష్టపడి చూపించబోయింది, ఉన్నది లేకుండా పోవడం ఎలాగో. బిళ్ల వెళ్లాలి, రావాలి. ఎక్కడికి వస్తుంది? చెవిలోకి వద్దు, నోట్లోకి వద్దు, పిల్ల చేతిలోకి వద్దు. ఇక మిగిలింది వెంట వచ్చిన పెద్దవాళ్ల చెయ్యి. అలాంటిదే ఇంకో బిళ్లను వాళ్ల గుప్పిట్లో ముందే ఉంచాలి. అంటే అబద్ధం ఇద్దరు ఆడాలి. అందులో రెండో మనిషి నెల రోజులు సాధన చేసిన మనిషి కాదు. అప్పుడే మొదటిసారి చూస్తున్న, తనకన్నా ఎక్కువ భయపడుతున్న మనిషి. దానికి నాలుగు రోజుల గడువుంది.

మంగళవారం ఏడున్నరకు అతను వార్డులోకి వెళ్లేసరికి గొడవ మొదలై ఉంది. జెబా మంచం మీద కూర్చుని కుడి జబ్బను ఎడమచేత్తో పట్టుకుని ఉంది. జబ్బకు ఆకుపచ్చ గుడ్డ, గుడ్డలో ముడి. పక్కన ఆమె నాయనమ్మ, దాదీ అని పిలిచే ఖమర్ బీ. తల్లి బాలింత, తండ్రి కింద కాగితాల మీద సంతకాల వరుసలో ఉన్నాడు. ఎదురుగా రోసమ్మ.

“గది తియ్యాలె అమ్మా. పది రూపాల బిళ్ల ఉన్నది దాంట్ల. లోపటికి రావద్దు.”

“ఇది ఉత్త బిళ్ల కాదమ్మా, ఇమామ్ జామిన్. ఊరికి సఫర్ పోయెటోళ్లకు కడ్తం. సలామత్‌గ వాపస్ వచ్చినంక విప్పి గరీబులకు ఖైరాత్ ఇస్తం. నడుమ విప్పరు.”

“లోపట కరెంటు పనిముట్లు వాడ్తరు. ఒంటి మీద బిళ్ల ఉంటె చర్మం కాల్తది. నేను ఉత్తగ చెప్తనా?”

“విప్పితే పిల్లకు అమాన్ ఎట్లుంటదమ్మా, రక్ష ఎట్లుంటది? నువ్వే చెప్పు.”

ఇద్దరి గొంతులూ పెరుగుతున్నాయి. దుర్గేష్ వాళ్లను చూడటం లేదు. జెబా గడ్డాన్ని చూస్తున్నాడు. ఏడుపు ముందు గడ్డంలో మొదలవుతుంది. తర్వాత ముక్కుపుటాలు. ఆ తర్వాతే శబ్దం. గడ్డం వణుకుతోంది.

అతను ఖమర్ బీని మంచినీళ్ల ఫిల్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. జేబులోంచి ఒక బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“అమ్మా, ఇది గుప్పిట్లో ఉంచుకోండి. నేను అడిగినప్పుడే తెరవాలి. జెబా జబ్బకున్న బిళ్ల మీ చేతిలోకి వచ్చినట్టు చూపిస్తాను. మీ దగ్గరుందంటే తీయనిస్తుంది.”

“వస్తదా, నిజంగ?”

“రాదమ్మా. దీన్ని చూసి అదే అనుకుంటుంది.”

ఖమర్ బీ చెయ్యి వెనక్కి తీసుకుంది. “అంటే జాదూనా? తౌబా తౌబా. జాదూ గునా బేటా, పాపం తగుల్తది. పిల్లను కత్తి కిందికి పంపుతూ గసుంటి పని చేస్తనా?”

“జాదూ కాదమ్మా. చేతి పని. హాత్ కీ సఫాయి అంటారే, అది.”

“అంటే అబద్ధం.”

“అవునమ్మా. చిన్నదే.”

ఆమె బిళ్లను, అతన్ని మార్చి మార్చి చూసింది. దూరంగా మంచం మీది నుంచి జెబా ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినబడింది.

“జాదూ అయితే నాతోని కాదు,” అంది ఖమర్ బీ. “అబద్ధమైతే చెప్త. మా ఆయనతోని నలభై ఏండ్లు చెప్పిన, ఒక్కటి సుత దొరకలే.”

రోసమ్మ కూడా ఒక మెట్టు దిగింది. గుడ్డ ఉండనిస్తానని, పైన ప్లాస్టర్ వేస్తానని, బిళ్ల మాత్రం బయటే ఉండాలని చెప్పింది. చెప్పి, వెళ్లిపోకుండా నడుము మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడింది.

దుర్గేష్ మంచం పక్కన వంగాడు. ముడి విప్పాడు. బిళ్ల ఒంటి వేడికి వెచ్చగా ఉంది. అందరికీ కనబడేలా పైకెత్తాడు. ఎడమచేతిలో పెట్టినట్టు పెట్టాడు. ఆ క్షణాన చెమటకు బిళ్ల అరచేతి మడతలోంచి ఒక నూలువాసి జారింది. బొటనవేలు దగ్గరికి లాగి ఆపాడు. శ్రీలేఖ చెప్పినట్టు ఎడమ గుప్పిటవైపే చూశాడు.

“జెబా, బిళ్ల ఏమంటోందో విను.”

“బిళ్ల మాట్లాడ్తదా ఏంది?”

“పోయొస్తా అంటోంది.”

“ఏడికి?”

ఎడమచెయ్యి తెరిచాడు. ఖాళీ. “దాదీ దగ్గరికి.”

ఖమర్ బీ గబుక్కున గుప్పిట తెరిచింది. తెరిచింది ఖాళీ చెయ్యి. నలభై ఏళ్ల అనుభవం ఏమైందో గానీ ఆమె మొహం పాలిపోయింది. రోసమ్మ కళ్లు మూసుకుంది.

“అది కాదు దాదీ, రెండో చెయ్యి,” అంది జెబా.

రెండో చేతిలో బిళ్ల ఉంది. జెబా మెడ చాచి దాన్ని చాలాసేపు చూసింది. జబ్బ మీది నుంచి చెయ్యి తీసేసి, స్ట్రెచర్ ఎక్కి పడుకుంది. రోసమ్మ ఆకుపచ్చ గుడ్డ మీద ప్లాస్టర్ వేసింది.

లిఫ్టులో స్ట్రెచర్, దుర్గేష్ తప్ప ఇంకొకరు పట్టరు. ఖమర్ బీని పక్క లిఫ్టులో పంపారు. జెబా బిళ్ల ఇంకా అతని కుడి అరచేతిలోనే ఉంది. అదే చేత్తో కడ్డీ పట్టుకుంటే ఇనుముకు తగిలి టింగుమంది. తలుపులు మూసుకున్నాయి.

“అంకుల్,” అంది జెబా కప్పువైపు చూస్తూ. “దాదీ చేతిల ఉన్నది మా బిళ్ల కాదు.”

లిఫ్టు కదిలింది. అతను కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. “ఎందుకు కాదు?”

“మా దాని మీద రూపాయి గుర్తు ఉంటది. పైన పది గీతలుంటయ్. దుకానపాయన పదిహేను గీతలది దొంగది అన్నడని దాదీ లెక్కవెట్టి మరీ కట్టింది. నాతోని సుత లెక్కవెట్టిచ్చింది. దాదీ చేతిల ఉన్నదానికి గుర్తే లేదు. మస్తు గీతలున్నయ్.”

పది రూపాయల బిళ్లల్లో పది గీతలవీ, పదిహేను గీతలవీ ఉన్నాయనీ, రెండూ చెల్లుతాయనీ దుర్గేష్‌కు తెలుసు. తన బిళ్లలు రెండూ ఒకే రకం ఉండేలా చూసుకున్నాడు. గుడ్డలో ముడేసిన బిళ్ల ఏ రకమో చూడాలని మాత్రం తోచలేదు. పై అంతస్తు చేరడానికి ఇంకా కొన్ని క్షణాలే ఉన్నాయి. అతను ఆ పిల్ల గడ్డంవైపు చూశాడు. ఇక మొదలవుతుందనుకున్నాడు. గడ్డం కదలలేదు.

“మాది నీ కుడిచేతిల ఉన్నది. టింగు అన్నది గదే.”

చేసేది లేక అతను చెయ్యి తెరిచాడు. బిళ్ల చెమటలో తడిసి మెరుస్తోంది. జెబా పెదాలు కదుపుతూ గీతలు లెక్కపెట్టింది. పది.

“దాదీకి చెప్పకు,” అంది.

“ఏం చెప్పొద్దు?”

“నాకు తెల్సిపోయిందని. ఆమె జల్ది పరేషాన్ అయితది. నేను పండుకుంటె శ్వాస వస్తున్నదా లేదా అని పక్కన కూసుంటది. నాకు తెల్వదనుకుంటది.”

“చెప్పను.”

“మల్ల చెయ్. ఈసారి నేను పట్టుకుంట.”

నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి ఖమర్ బీ ఎదురుగా ఉంది. కుడి గుప్పిట బిగించి, దాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. దుర్గేష్ నడుస్తూనే మళ్లీ చేశాడు. “గీడ,” అని జెబా అతని కుడిచెయ్యి చూపించింది. మళ్లీ చేశాడు. “గీడనే ఉన్నది, ఏం చేస్తవ్ నువ్వు,” అంది. ఖమర్ బీకి ఆ మాటలు అర్థం కాలేదు. పిల్ల ఏడవడం లేదని మాత్రం అర్థమైంది. వంగి నుదురు ముద్దు పెట్టుకుంది. “పోయిరా బేటా,” అంది.

గీత వచ్చింది. బిళ్ల దాటకూడదు. తలుపు పక్కనున్న స్టీలు పళ్లెంలో దాన్ని వేసేశాడు. నెల రోజుల సాధనంతా ఆ పళ్లెంలో ఉండిపోయింది. ముందున్నవి పన్నెండడుగులు. ఆగస్టులో భుజాలు పట్టుకున్నదీ ఆ పన్నెండడుగుల చివరనే.

“ఇప్పుడు ఏం చూపిస్తవ్?”

“ఏమీ లేదు. చేతులు ఖాళీ.”

“చూపియ్.”

చూపించాడు. జెబా నమ్మలేదు. లేచి కూర్చుని అతని అరచేతిని తిప్పింది, వేళ్ల సందులు విప్పి చూసింది, చొక్కా చేతి మడతలోకి వేలు పోనిచ్చింది. రెండో చెయ్యి అడిగింది. స్ట్రెచర్ కదులుతూనే ఉంది. వెనక తలుపు మూసుకుంది. దీపాల కిందకు వచ్చారు. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది.

“నీ చెయ్యి గింత తడిగున్నదేంది? భయమైతున్నదా?”

అబద్ధం చెప్పే ఓపిక అతనికి అప్పటికి అయిపోయింది. “అవుతోంది.”

“నాకు సుత,” అంది జెబా.

ఎలీనా మాస్కు దగ్గరికి తెచ్చింది. జెబా దాన్ని చూసింది. గడ్డం ఒకసారి వణికింది. తన చెయ్యి పట్టుకున్న ఆమె చేతిని దుర్గేష్ తిరిగి పట్టుకోలేదు, తన చేతిని ఊరికే ఉంచాడు. ఆమె చూపుడువేలు అతని అరచేతి మడతలో, బిళ్ల దాచే చోట, ఏదో ఉందన్నట్టు ఒత్తి ఉంది. నాలుగు ఊపిర్లకు ఆ ఒత్తిడి తగ్గింది. పదో ఊపిరికి వేలు జారిపోయింది.

“వెళ్లు,” అంది ఎలీనా. “బాగా తెచ్చావ్.”

అతను బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఖమర్ బీ కుర్చీలో కూర్చోలేదు. ఆమె పెదాలు దువాలో కదులుతున్నాయి. గుప్పిట బిగించే ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

“బేటా, నువ్వు అడిగినప్పుడే తెరవాలన్నవ్. ఇంక తెరవొచ్చునా?”

“ఇవ్వండమ్మా. మీ బిళ్ల స్పిరిట్‌లో కడిగి ఇస్తాను.”

ఆమె గుప్పిట్లోని బిళ్ల తీసుకుని, పళ్లెంలోది కడిగి ఇచ్చాడు. ఖమర్ బీ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని గీతలు లెక్కపెట్టి, దుపట్టా చెంగున ముడివేసుకుంది. తర్వాత ఇద్దరూ తలుపువైపు చూస్తూ నిలబడ్డారు. మధ్యలో ఒకసారి లోపల ఏదో పరికరం గట్టిగా కూసింది. ఆమె అతని మొహం చూసింది. అతను నేల చూశాడు. కూత ఆగింది. ఎందుకు కూసిందో, ఎందుకు ఆగిందో పదహారేళ్లయినా అతనికి తెలియదు.

తొమ్మిదీ పదికి తలుపు తెరుచుకుంది. జెబాను పక్క గదిలో ఒత్తిగిలించి పడుకోబెట్టారు. కళ్లు తెరవలేదు. దుర్గేష్ గుమ్మంలోనే నిలబడి ముందు పెదాల రంగు చూశాడు. తర్వాత ఆమె వేలికి తగిలించిన క్లిప్పు, దాని తీగ, తీగ చివర తెర మీద ఆకుపచ్చగా వెలుగుతున్న ఆక్సిజన్ అంకె చూశాడు.

తొంభై ఎనిమిది.